చెయ్యి లేస్తే నిశ్శబ్దం

జులై 1, సోమవారం

చిన్న డాక్టరు వెళ్లిపోయాడు. పొద్దున్నే వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు. ఊళ్లో కొత్తగా కట్టిన అద్దాల ఆస్పత్రిలో చేరుతున్నాడట. "ఇక్కడ నేర్చుకున్నది జన్మలో మరిచిపోను అంకుల్" అన్నాడు. అంత మరిచిపోలేనివాడివైతే ఉండిపోవయ్యా అని నోటిదాకా వచ్చింది. శుభం అన్నాను. మా ఆవిడ దగ్గరికి వెళ్లి కాళ్లకు దండం పెట్టాడు. ఆవిడ తలమీద చెయ్యి వేసింది. వాడు ఏదో చెప్పబోయి మానేశాడు.

ఇక ఈ ఆస్పత్రికి ఒకే డాక్టరు, మా ఆవిడ. ఆవిడకి జలుబు చేస్తే ఆస్పత్రికి జలుబు చేసినట్టే.

ఈ డైరీ ఎవరూ చదవడానికి కాదు. ఎవరితోనూ అనలేనివి ఎక్కడో ఒకచోట పారబోసుకోవాలి కదా. ఆవిడ పిల్లల ఆస్పత్రి పెట్టాక నేను కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం మానేసి వచ్చి ఇక్కడ ముందు బల్ల దగ్గర కూర్చున్నాను. పేర్లు రాసే అమ్మాయికి సాయం చేయడం, పనివాళ్లని వెతకడం, వెళ్లిపోయేవాళ్లని బతిమాలడం, చేపల తొట్టెలో నీళ్లు మార్చడం నా పని. కాంపౌండరుకి తక్కువ, వాచ్‌మన్‌కి ఎక్కువ. అద్దె ఇంటి కింది వాటా, మూడు గదులు, నాలుగు బెంచీలు. గోడ మీద జిరాఫీ బొమ్మ, దాని మెడ పక్కన ఎత్తు కొలిచే గీతలు.

నా పాత ఉద్యోగం ఒక్కదానికి మాత్రం పనికొచ్చింది. నిశ్శబ్దం చేయించడానికి. మా డాక్టరు బిడ్డ ఛాతీ మీద స్టెత్ పెట్టి ఎడమ చెయ్యి పైకెత్తుతుంది. ఆవిడ గదికి సగం తలుపే ఉంటుంది కాబట్టి ఆ చెయ్యి బెంచీల మీదివాళ్లందరికీ కనబడుతుంది. చెయ్యి లేస్తే పెద్ద సిస్టర్ ఫ్యాను ఆపుతుంది. నేను ఫోను రిసీవరు తీసి పక్కన పెడతాను. అమ్మలు పిల్లల నోళ్లు మూస్తారు. ఎదురుగా మెకానిక్ షాపు ఉండటం వల్ల మొదట్లో పెట్టుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు రోడ్డు మీద ఆడుకునే పిల్లలు కూడా ఒకడు చెయ్యెత్తితే అందరూ గప్‌చిప్‌గా నిలబడే ఆట ఆడుతున్నారు.

జులై 3, బుధవారం

"పిల్లల వైద్యులు కావలెను" అని ప్రకటన ఇచ్చాను. ఫోను మోగింది. గ్యాస్ బండ కోసమట.

జులై 4, గురువారం

చెయ్యి దిగడం లేదు. ఇదివరకు రెండు మూడు ఊపిర్లకి దిగేది. ఇవాళ ఒక చంటివాడి మీద స్టెత్ పెట్టి ఎంతసేపు ఉందంటే, బెంచీ మీద ఒక తాతగారు నా దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"మేడమ్ గుండె వింటున్నారా బాబూ, దాంతో కబుర్లు చెబుతున్నారా?"

"జాగ్రత్తగా చూస్తున్నారండీ" అన్నాను.

జాగ్రత్త ఎక్కువైంది, అంతే. చిన్న డాక్టరు పోయాక బరువంతా తనమీదే పడింది. ఎవరికైనా అలాగే ఉంటుంది.

పెద్ద సిస్టర్ గురించి కూడా ఆలోచించాలి. మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి, కాదనను. కానీ ఈ మధ్య మెడలో ఒక స్టెత్ వేసుకుని తిరుగుతోంది. మా డాక్టరు ముందు వైపు పెడితే ఈవిడ వెనక వీపుకి పెడుతుంది. ముందొకరు, వెనకొకరు, మధ్యలో పిల్లాడు మద్దెలలాగా. "నీకెందుకు సిస్టర్ అది?" అంటే "ఊరికే సార్, అలవాటు కావాలి కదా" అంది. ఇన్నేళ్ల సర్వీసులో లేని సరదా ఇప్పుడేమిటో.

గదిలో ఫ్యాను ఆపినా ఇంకా కాసేపు తిరుగుతూ చప్పుడు చేస్తోంది. కొత్తది వేయించాలి.

జులై 6, శనివారం

ఒక లేడీ డాక్టరు వచ్చింది. చదువు పూర్తయి ఎంతో కాలం కాలేదు, ముఖంలో ఇంకా పరీక్షల బెదురు పోలేదు. మా పద్ధతి చూడమని ఓ గంట లోపల కూర్చోబెట్టాను. బయటికొచ్చాక టీ ఇచ్చి, జిరాఫీని చూపించి, పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రిలాగా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను.

"మేడమ్ చాలా బాగా చూస్తారండీ. పిల్లలు అసలు ఏడవట్లేదు" అంది.

"మరి ఎప్పటినుంచి వస్తారమ్మా?"

"ఆలోచించి ఫోన్ చేస్తానండీ." గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "అంకుల్, మీరు కూడా ఒకసారి లోపల కూర్చుని చూడండి."

"నేను చూసేదేముందమ్మా, ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న మొహమే కదా" అని నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఫోన్ చేయదు. చేయకపోతే పోయింది.

జులై 8, సోమవారం

కొత్త ఫ్యాను వేయించాను. చెయ్యి అంతసేపే ఉంటోంది.

కీచు చెప్పుల పాప వచ్చింది. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోతారు, ఈ పాప వాళ్ల ప్రాణం. అడుగేస్తే కీచుమనే చెప్పులు వేసుకుని, అది తన గొప్పతనమే అన్నట్టు టింగురంగమంటూ నడుస్తుంది. మా డాక్టరుకి ఆ చప్పుడు గిట్టదు. పాప గేటు దగ్గర ఉండగానే లోపల్నుంచి "వచ్చింది రాక్షసి! ముందు ఆ చెప్పులు విప్పండి!" అని అరిచేది. అది విని పాప ఇంకా గట్టిగా తొక్కేది. అదో ఆట వాళ్లిద్దరికీ.

ఇవాళ పాప ముందు గది అంతా తిరిగింది. సగం తలుపు కింది నుంచి దూరి లోపలికెళ్లి, మా డాక్టరు కుర్చీ చుట్టూ ఒక చుట్టు చుట్టింది. కీచ్ కీచ్ కీచ్. ఆవిడ తల వంచుకుని రాసుకుంటూనే ఉంది. పాప ఎదురు చూసింది. చివరికి వెళ్లి ఆవిడ మోకాలు తట్టింది.

పని ధ్యాసలో ఉంది. అలవాటు కూడా పడిపోయి ఉంటుంది. ఏ చప్పుడైనా కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

సాయంత్రం ఇంట్లో ఆవిడ వెనక చెంచా కింద పడేశాను. చెయ్యి జారింది. మళ్లీ ఒకసారి జారింది.

జులై 9, మంగళవారం

స్టెత్ పాడై ఉంటుంది. కొత్తది తెప్పించాను.

జులై 10, బుధవారం

మెకానిక్‌తో గొడవ పెట్టుకున్నాను. పద్నాలుగేళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, ఒక్క మాట అనుకోలేదు. ఇవాళ వెళ్లి, నీ సుత్తి దెబ్బలకి మా డాక్టరు పిల్లల గుండె కూడా వినలేకపోతోంది, ఇది మనుషులుండే వీధా కాదా అని నోటికొచ్చినట్టు అరిచాను. అతను సుత్తి కింద పెట్టి నావైపు చూశాడు.

"ఇవాళ పొద్దున్నుంచి బండ్లే రాలేదు సార్. సుత్తి ఇప్పుడే తీశాను" అన్నాడు.

తిరిగొస్తుంటే బెంచీల మీద వాళ్లంతా నన్నే చూస్తున్నారు. మా డాక్టరు మాత్రం చూడలేదు. గదిలో పిల్లాడికి నాలుక బయటపెట్టి చూపిస్తోంది. అంత అరిచాను, ఏమిటా గొడవ అని అడగనైనా లేదు.

ఎవరో ఒకరు కనిపెడతారు. కనిపెట్టడానికి ఏముందని? అలసట. అలసటే. కానీ అలసటని కూడా జనం చిలవలు పలవలు చేస్తారు. అందరికంటే దగ్గరగా నిలబడి చూసేది పెద్ద సిస్టర్. ఈ మధ్య ఆవిడ చూపు రోగుల మీద కాదు, మా డాక్టరు మొహం మీదే ఉంటోంది. కళ్లల్లో కళ్లు పెట్టి చూస్తోంది. పసిగట్టింది. ఆవిడ నోరు జారితే ఊరంతా పాకిపోతుంది. అద్దాల ఆస్పత్రివాళ్లకి పండగే.

జులై 11, గురువారం

కోరుకున్నట్టే జరిగింది. పేర్లు రాసే అమ్మాయి కూడా మానేసింది. ఆ అమ్మాయికీ అద్దాల ఆస్పత్రే. అక్కడ టోకెన్లు మిషనే ఇస్తుందట, నోరు నొప్పి పుట్టదట. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఒక పక్క, పోనీలే దారి దొరికిందని ఇంకో పక్క. పెద్ద సిస్టర్‌ని పిలిచి రేపటినుంచి ముందు బల్ల నువ్వు చూసుకో అన్నాను. లోపలికి ఒక కొత్త పిల్లని పెడతాను, నర్సింగ్ చదివి ఊరికే ఉంది, చవకా, వినయమూ.

"వద్దు సార్. నన్ను లోపలే ఉంచండి."

"కూర్చునే పనే కదా. ఈ వయసులో నీకూ సుఖం."

"సుఖం అడిగానా సార్ మిమ్మల్ని? నేను లోపలే ఉంటాను." అంత పట్టుదల ఎందుకో నాకు తెలియదనుకుంది.

ఇంటికొచ్చాక మా డాక్టరు కూడా అదే పాట. "ఆవిడ లోపలే ఉండాలండీ."

"ఎందుకు?"

"అలవాటు."

"చిన్నపిల్లకి కూడా రెండ్రోజుల్లో అలవాటవుతుంది. ముందు బల్ల దగ్గర మనిషి లేకపోతే ఎలా నడుస్తుంది? నేనొక్కణ్ణి ఎంతకని చేసేది?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ నా మొహంకేసి చాలాసేపు చూసింది. తరవాత "సరే, మీ ఇష్టం" అంది. ఆస్పత్రి పెట్టిన ఇన్నేళ్లలో ఎవరు ఎక్కడ నిలబడాలన్న విషయంలో నా మాట నెగ్గడం ఇదే మొదటిసారి.

జులై 12, శుక్రవారం

కొత్త పిల్ల బాగుంది. చెయ్యి లేవగానే పరిగెత్తి ఫ్యాను ఆపుతుంది. ఎక్కడా కళ్లెత్తి చూడదు.

జులై 13, శనివారం

చెయ్యి తొందరగానే దిగుతోంది. ఒకటి రెండు ఊపిర్లు, అంతే. మునుపటికంటే తొందరగా. తాతగారు కూడా మెచ్చుకున్నాడు. నేను చెప్పలేదూ, అలసటే అని.

పెద్ద సిస్టర్ బల్ల దగ్గర ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటోంది. చెయ్యి లేచినప్పుడల్లా లేచి నిలబడుతుంది. పోయి పోయి ఆ సగం తలుపు దగ్గర ఆగిపోతుంది. "నీ పని నువ్వు చూసుకో సిస్టర్" అన్నాను. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం...

జులై 15, సోమవారం

రద్దీ. ముసురు పట్టింది, పిల్లలందరికీ దగ్గులే.

పెద్ద సిస్టర్ టీకాల పెట్టె తేవడానికి వెళ్లింది. కీచు చెప్పుల పాపని తీసుకొచ్చారు. నడవలేదు, అమ్మ భుజం మీద ఉంది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. మా డాక్టరు చెయ్యెత్తింది, దించింది. చూసింది. ఛాతీ బాగానే ఉంది, గొంతులో కాస్త గరగర, మందు రాశాను అంది. పాప తల్లి చీటీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. బాగానే ఉందన్నారు అంకుల్ అని సంతోషంగా చెప్పింది.

బాగానే ఉంది.

సన్నగా ఏదో కూత వినపడింది. ఎక్కడో నీళ్లు మరుగుతున్నట్టు. ఆగి ఆగి. స్టవ్ మీద ఏదో పెట్టి మరిచిపోయారనుకున్నాను.

ఆస్పత్రిలో స్టవ్ లేదు.

నేను డాక్టర్ని కాను.

జులై 16, మంగళవారం

తెల్లవారుతుండగా ఫోను. పాప తండ్రి. ఊపిరి ఆడక పాప నీలం పడిపోతే అద్దాల ఆస్పత్రికి తీసుకెళ్లారట. మేడమ్ ఒక్క మాట మాట్లాడతారా అని అడిగాడు. స్నానం చేస్తోందని చెప్పాను. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. ఎవరు ఎవరు అని అడుగుతోంది.

జులై 17, బుధవారం

పాప బతికే ఉంది. ముందు ఆ మాట రాయాలి. బతికే ఉంది. అద్దాల ఆస్పత్రికి ఇద్దరం వెళ్లి చూశాం, ముక్కుకి గొట్టం పెట్టారు, మందు పొగ పీలుస్తోంది. మంచం కింద చెప్పులు, ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా.

తల్లి మా డాక్టరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "మీ దగ్గరికే తెచ్చాను మేడమ్. మీరు బాగుందన్నారు కదా, అప్పటికి బాగానే ఉంది. రాత్రికి రాత్రి ఏమొచ్చిందో నా తల్లికి. మీరొచ్చారు, ఇంక నాకు భయం లేదు."

తిట్టినా బాగుండేది. మా డాక్టరు నోరు తెరవబోయింది. నేను ఆవిడ భుజం పట్టుకుని బయటికి నడిపించాను.

మెట్ల దగ్గర చిన్న డాక్టరు ఎదురొచ్చాడు. ఆవిడని ముందు నడవనిచ్చి నన్ను ఆపాడు. "అంకుల్, పిల్లికూతలు గది బయటికే వినపడుతున్నాయి. అవి రాత్రి మొదలైనవి కావు" అన్నాడు. తల దించుకుని, "నేను వచ్చేసింది అందుకే. అంత పెద్దావిడకి మీకు చెవులు వినపడట్లేదని ఏ నోటితో చెప్పను?" అన్నాడు.

వినపడట్లేదు. ఒకళ్లు పైకి అనేశారు. ఆ మాట ఈ పుస్తకంలోకి రాకుండా పదిహేను రోజులుగా నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం ఆస్పత్రి మూసేవేళ పెద్ద సిస్టర్ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో నన్ను నిలదీయడానికి కూర్చోవడం మొదటిసారి.

"నన్ను లోపల్నుంచి ఎందుకు గెంటేశారు సార్?"

"నువ్వు కనిపెడతావని" అన్నాను. ఇంక దాచి ఏం లాభం.

"నేను కనిపెట్టడమేమిటి?" నా మొహంలోకి వింతగా చూసింది. "రెండేళ్ల నుంచీ మేడమ్ చెవులు నేనే కదా సార్!"

గుండె చప్పుడు బాగానే వినపడుతుందట ఆవిడకి. సన్న చప్పుళ్లే వినపడవట. పిల్లికూత, చంటిపిల్లల మూలుగు, ఫోనులో మాటలు. అందుకని చెయ్యెత్తినప్పుడు సిస్టర్ వెనక వైపు వినేది, మొదట్లో దగ్గే పిల్లలకి మాత్రం ఒట్టి చెవితో, ఆవిడ వినికిడి ఇంకా తగ్గాక ఈ మధ్య అందరికీ స్టెత్‌తో. కూత ఉంటే మా డాక్టరుకేసి చూసి రెండుసార్లు రెప్ప కొట్టేది. ఏ వైపు ఉంటే ఆ వైపు భుజం తట్టేది. ఆ తరవాతే చెయ్యి దిగేది. చెయ్యి అంతసేపు ఎందుకుండేదో, కళ్లల్లో కళ్లు పెట్టి ఎందుకు చూసేదో నాకు ఒక్కసారిగా అర్థమైంది. మొన్న చెయ్యి ఎందుకు తొందరగా దిగిందో కూడా. ఎదురు చూడటానికి ఆ గదిలో ఎవరూ లేరు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మేడమ్ ఒట్టు వేయించుకుంది. ఉద్యోగం మానుకుని నాకోసం వచ్చారు, ఈ ఆస్పత్రి పోతే ఆయన ఏమైపోతాడో అని ఒకటే ఏడుపు. మీరు నన్ను బయట కూర్చోబెట్టినప్పుడు తెలిసిపోయి కోపం మీద చేశారేమో అనుకున్నాం. ఎదురు చెప్పడానికి మేడమ్‌కి మొహం చెల్లలేదు."

నాకు తెలియకూడదని ఆవిడ. ఊళ్లో తెలియకూడదని నేను. చేసింది తప్పే, ఇద్దరు ఆడవాళ్లు చేయకూడని పనే చేశారు. కానీ ఆ దొంగపద్ధతిలో రెండేళ్లు ఒక్క బిడ్డకీ ఊపిరి తప్పలేదు. దాన్ని కాపాడబోయి పడగొట్టింది నేను.

పెద్ద సిస్టర్ కళ్లు తుడుచుకుని, "పాప వచ్చినప్పుడు బల్ల దగ్గర మీరే ఉన్నారట కదా సార్. మీకేమైనా వినపడిందా?" అని అడిగింది.

లేదన్నాను.

జులై 18, గురువారం

ఆస్పత్రి తెరవలేదు. ఫ్యాను రిపేరు అని గేటుకి కాగితం అంటించాను. కొత్త ఫ్యాను పాపం.

సాయంత్రం ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కొళాయి ధార పెద్దగా ఉంది. నేను వెనక గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాను. పాప ఛాతీలో కూత నాకు వినపడిందని. ఈలలాగా స్పష్టంగా వినపడిందని. వెనక్కి పిలిచి ఇంకోసారి చూడమంటే అంతమంది ముందు నీ పరువు పోతుందని, ఆస్పత్రి పోతుందని, "జాగ్రత్తమ్మా" అని మాత్రం అని పంపించేశానని. అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు.

ఆవిడ "ఊఁ" అంది.

చెప్పేశాను. బరువు దిగింది. ఇక నా తప్పేమీ లేదు.

జులై 19, శుక్రవారం

దిగలేదు.

పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నిన్న గిన్నెల దగ్గర నాతో ఏదో చెప్పారు."

"విన్నావుగా. ఊఁ అన్నావు."

"నాకు వినపడని వాటన్నిటికీ ఊఁ అంటానండీ. రెండేళ్లుగా మీరు అన్న సగం మాటలకి అలాగే అన్నాను. కిటికీ అద్దంలో మీ పెదాలు కదలడం కనిపించింది. చాలాసేపు కదిలాయి. నాకు వినపడదని తెలిసే కదా వెనక నిలబడి చెప్పారు?"

నేను తల దించుకున్నాను.

"తల దించకండి. దించితే అసలే తెలియదు. ఇటు చూసి చెప్పండి."

అని ఎడమ చెయ్యి పైకెత్తింది.

ముప్ఫై ఏళ్ల సంసారంలో నా కోసం ఆ చెయ్యి లేవడం అదే మొదలు. లేచి ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను. వచ్చి కూర్చుని, ఆవిడ కళ్లలోకి చూస్తూ, మళ్లీ మొదటినుంచి చెప్పాను. నిన్న గడగడా చెప్పినవాణ్ణి ఇవాళ మాట మాటకీ ఆగిపోయాను. నా పెదాల మీదే ఉంది ఆవిడ చూపు. 'వినపడింది' అన్న దగ్గర ఆవిడ పెదాలు కూడా కదిలాయి.

చెయ్యి దించింది.

"ఎలా వినపడింది?"

"ఈల వేసినట్టు. ఊపిరి వదిలినప్పుడల్లా."

"నాకు గుండె వినపడింది. ఆ చిట్టిగుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వినపడింది. జ్వరం వల్ల అనుకున్నాను. అనుకున్నాను ఏమిటి, అనుకోవాలనుకున్నాను. కళ్లెత్తి సిస్టర్ కోసం చూస్తే ఆ కొత్త పిల్ల నేల చూపులు చూస్తోంది. బయట ముప్ఫైమంది. చెయ్యి దించేశాను." అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరినైనా తిడదామంటే ఇంట్లో మూడో మనిషి లేడు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "సోమవారం పాపని ఇంటికి పంపుతారట. ఒకసారి ఇటు తీసుకురమ్మన్నాను. వాళ్లమ్మకి చెప్పేస్తాను" అంది.

బతిమాలాను. అబద్ధమెందుకు, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చెవికి మిషన్ పెట్టుకో, చప్పుడు పెంచే స్టెత్‌లు వస్తున్నాయట తెప్పిస్తాను, పెద్ద సిస్టర్‌ని లోపలే ఉంచుతాను, జన్మలో బయటికి పంపను. చెబితే ఇంక ఒక్కరు రారు. కేసు పెట్టినా పెడతారు. సిస్టర్ ఎక్కడికి పోతుంది, మనమెక్కడికి పోతాం.

"చెబితే రారు, నిజమే" అంది. "చెప్పకపోతే వస్తారండీ. నా భయం అది."

జులై 21, ఆదివారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇన్నాళ్లూ వెళ్లనందుకు ఆయన ఇద్దర్నీ కలిపి తిట్టాడు. మిషన్ పెడితే మనుషుల మాటలు తెలుస్తాయట. పిల్లికూత సంగతి హామీ ఇవ్వలేనన్నాడు.

గేటు మీద కాగితం చింపేశాను. ఫ్యాను బాగానే ఉంది.

జులై 22, సోమవారం

పెద్ద సిస్టర్, నేను, ఆవిడ. మేం ముగ్గురమే. బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లందరినీ చిన్న డాక్టరు దగ్గరికి వెళ్లమని సిస్టర్ గేటు దగ్గరే చెప్పి పంపించింది. ఏ డాక్టరు అంటే, అద్దాల ఆస్పత్రిలో ఉన్న మా అబ్బాయి అని చెప్పింది.

మధ్యాహ్నానికి వాళ్లు వచ్చారు. పాప నడిచి వచ్చింది. చిక్కిపోయింది, కళ్లు మాత్రం అవే. మా డాక్టరు గదిలో కూర్చోలేదు, బయటికొచ్చి బెంచీ మీద తల్లి పక్కన కూర్చుంది.

"నీకొకటి చెప్పాలమ్మా. నాకు చెవులు సరిగ్గా వినపడవు. చాలా కాలంగా వినపడవు. మొన్న పాప ఛాతీలో కూత ఉంది. నాకు వినపడలేదు. వినపడకపోయినా బాగుందని చెప్పాను."

నేను ముందుకొచ్చి, "నాకు వినపడిందమ్మా. నేను నోరు మూసుకున్నాను" అన్నాను.

తల్లి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మేం పరాచికాలాడుతున్నామనుకుందేమో మొదట. తరవాత ఆ మొహంలో ఏం జరిగిందో నేను రాయలేను. పాపని లాగి ఒళ్లో పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పాప పుట్టినప్పటినుంచీ మీరు తినమంటే తిన్నాం, పడుకోబెట్టమంటే పడుకోబెట్టాం" అంది. "ఇప్పుడు ఎవర్ని నమ్మమంటారు మేడమ్?"

మా డాక్టరుకి ఆ మాట అందింది. పెదాలు చూస్తూనే ఉంది కదా.

తల్లి లేచి పాపని ఎత్తుకోబోయింది. పాప గింజుకుని కిందికి జారింది. నేనే నడుస్తా అంది. మా డాక్టరు ముందు నిలబడి ఒక కాలు గట్టిగా నేలకి కొట్టింది. కీచ్. మొహంలోకి చూసింది. మళ్లీ కొట్టింది. ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను.

"వచ్చింది రాక్షసి!" అంది ఆవిడ. గొంతు సగంలోనే విరిగిపోయింది. పాపకి అంతే చాలు. పకపకా నవ్వింది. తల్లి నవ్వలేదు. చెయ్యి పట్టుకుని గబగబా నడిపించుకుపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇక రారు.

మేం ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడిపోయాం. వాళ్లు గేటు దాటి గోడ చాటుకి వెళ్లారు. అప్పుడు మా డాక్టరు ఎడమ చెయ్యి పైకెత్తింది. పెద్ద సిస్టర్ వెళ్లి ఫ్యాను ఆపింది. నేను రిసీవరు తీసి పక్కన పెట్టాను. ఎదురుగా మెకానిక్ ఆ చెయ్యి చూసి సుత్తి కింద పెట్టాడు.

"వినపడుతోందా?" అని అడిగింది.

"వినపడుతోంది."

"ఎలా నడుస్తోంది?"

"గట్టిగా తొక్కుతోంది. కావాలనే."

"దగ్గుతోందా?"

"లేదు."

"ఎక్కడిదాకా వెళ్లింది?"

"మలుపు దగ్గర ఉన్నారు." చెవులు రిక్కించి విన్నాను. వీధి మొత్తం విన్నాను. "ఇంకా వినపడుతోంది. ఇంకా. సన్నగా."

ఆవిడ నా పెదాలకేసే చూస్తోంది. చెయ్యి దించలేదు.